ఏడో తొట్టి వంగపూత

ఆదినారాయణ స్వెటర్ గుండీలన్నీ పెట్టుకుని, మెడకు మఫ్లర్ రెండు చుట్లు చుట్టి, కోతిటోపీని చెవుల మీదికి లాక్కున్నాడు. అది మే నెల. ఉదయం ఏడు గంటలకే ప్రొద్దుటూరును ఎవరో పెనం మీద పెట్టి నూనె చిలకరించినట్టుంది. ఎదురుగా టీ అంగడి దగ్గర జనం చొక్కా గుండీలు విప్పుకుంటుంటే ఈయన ఇక్కడ పెట్టుకుంటున్నాడు. కడప జిల్లాలో ప్రతి మండలమూ మండే ఈ నెలలో, ఊటీకి పోయే స్తోమత లేకుండానే రోజూ ఊటీకి పోయివచ్చే మనిషి ఆయనొక్కడే.

ఆ ఊటీ హోమస్‌పేటలోనే ఉంది. మూతపడిన పట్టుచీరల అంగడి వెనక, ఒకప్పుడు ధర్మవరం మూటలు దించుకున్న గోడౌను అది. ఇప్పుడు దాని కిటికీలకు థర్మాకోల్ అట్టలు, తలుపుకు మందపాటి దుప్పటి, గోడకు రెండు ఏసీలు. చీరల బీరువాలున్న చోట ఇనుప స్టాండ్ల మీద పన్నెండు గాజు తొట్లు. ఒక్కో తొట్టిలో ఒక్కో ఆక్సలాటిల్.

అది చేప కాదు, బల్లి కాదు. కప్పకు దూరపు చుట్టం. జానెడు పొడవు, నాలుగు కురచ కాళ్లు, రెప్పల్లేని కళ్లు, మెడకు అటు మూడు ఇటు మూడు ఈకల్లాంటి కుచ్చులు. కొంగు చివర కట్టే కుచ్చుల్లా ఊగే ఆ కుచ్చులతోనే అది నీళ్లలో ఊపిరి తీసుకుంటుంది. నీళ్లు పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఉండాలి. ఇరవై రెండు దాటితే మేత మానేస్తుంది. ఇంకా దాటితే మానేది మేతొక్కటే కాదు. అందుకని తొట్లకు నీళ్లు చల్లబరిచే యంత్రం ఉంది. దాని పేరు చిల్లర్ గానీ, అది తాగే కరెంటు మాత్రం చిల్లర కాదు.

ఆక్సలాటిల్ అన్న మాట నోరు తిరగడానికి ఆదినారాయణకు రెండు నెలలు పట్టింది. ఆయన భార్య ఈశ్వరమ్మ ఆ తిప్పలన్నీ పడలేక దాన్ని 'అక్కలాటిది' చేసేసింది. సాయంత్రం ఇంటికి పోగానే, "మీ అక్కలాటిది బువ్వ తినిందా?" అని అడుగుతుంది. తోడబుట్టిన అక్కలు లేని ఆదినారాయణకు అరవై రెండో ఏట ఒక్కసారిగా పన్నెండుమంది దొరికారు.

పేరులో ఆది ఉందన్న మాటే గానీ ఆయన జీవితంలో దేనికీ ఆది కాలేదు. ఇంట్లో రెండో కొడుకు. ఈశ్వరమ్మకు వచ్చిన రెండో సంబంధం. పట్టాభిరామయ్య చీరల అంగట్లో ముప్పై ఎనిమిదేళ్లపాటు రెండో సేల్స్‌మన్. మొదటి సేల్స్‌మన్లు నలుగురు మారారు. ఈయన రెండోగానే ఉండిపోయాడు. కొత్త నీలం చొక్కా కుట్టించుకున్నా వీధిలో ఎవరూ గుర్తించరు. ఫొటోల్లో ఎప్పుడూ సగం చెవి, ఒక భుజం. ఆయనకు బాగా తెలిసిన విద్య ఒక్కటే, రంగు. ఒక్క పచ్చలోనే పదకొండు రకాలు చెబుతాడు. దారం చివర చూసి ఏ కుండలో ముంచారో పసిగడతాడు. నేత చీరలు కొనేవాళ్లు తగ్గి, నేతలు పంచే చీరలు పెరిగాక అంగడికి తాళం పడింది. పట్టాభిరామయ్య పోయారు. బెంగుళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చిన ఆయన మనవరాలు మంజుశ్రీ గోడౌనులో ఈ చలివేంద్రం తెరిచి, "మామా, నువ్వుంటావా?" అని అడిగింది. పట్టు వ్యాపారం పోయినా పట్టు వదలనివాడు, ఉన్నాడు.

చేతులు సబ్బు లేకుండా రెండుసార్లు కడుక్కుని మొదటి తొట్టి దగ్గర మొదలుపెట్టాడు. రబ్బరు గొట్టంతో అడుగున చేరిన మడ్డి లాగాడు. నిన్న డ్రమ్ముల్లో నిలవ పెట్టిన నీళ్లను చెంబుతో అంచు వెంబడి జార్చాడు. వేడి కొలిచే కడ్డీ చూసి, గోడకు వేలాడే పలక మీద రాశాడు. మొదటి తొట్టిలోది తెల్లటి ఒళ్లు, గులాబీ కుచ్చులు. మంజుశ్రీ దాన్ని ల్యూసిస్టిక్ అంటుంది. ఆదినారాయణ భాషలో అది మీగడ. రెండోది గోల్డెన్ ఆల్బినో. ఈయనకు పసుపుకొమ్ము. మూడోది, నాలుగోది నల్లటి మెలనాయిడ్లు, కాటుక. ఐదోది తోమిన రాగిచెంబు. ఆరోది చింతపండు ఒంటి మీద జరీ చుక్క. ఇంటర్నెట్టులో ఫొటోల కింద ఈ పేర్లు కూడా పెట్టడం మొదలుపెట్టాక మంజుశ్రీకి ఫోన్లు ఎక్కువయ్యాయి.

అన్నిటికీ ఒకటే మొహం. నోటి గీత అటూ ఇటూ కుచ్చుల దాకా సాగి, ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. ఆకలేసినా, అలిగినా, ఒంట్లో బాగాలేకపోయినా అదే నవ్వు. వాటిని మొదటిసారి చూసినరోజే ఆదినారాయణకు అనిపించింది, ఇవీ సేల్స్‌మన్లేనని.

ఏడో తొట్టి దగ్గర ఆయన గొట్టం కిందపెట్టాడు. అక్కడ పని తరవాత, పలకరింపు ముందు.

"ఏమ్మే, లేచినావా?"

అది లేచే ఉంది. ముందు కాళ్లు రెండూ గాజుకు ఆనించి, పైకి చూస్తూ నిలబడింది. లావెండర్ రకం. పన్నెండింటిలో అలాంటిది అదొక్కటే. లేత ఊదా ఒళ్లు, దాని మీద బుటాలు వేసినట్టు బూడిద చుక్కలు. ఆ రంగుకు ఆదినారాయణ పేరు వెతుక్కోలేదు. పేరే వచ్చి నోట్లో పడింది. వంగపూత. వంగపండు కాదు, వంగపువ్వు. ఎండ ఎక్కకముందు తోటలో విచ్చినప్పుడు ఉండే ఊదా.

రెండు వందల గుడ్లలో ఒకటిగా ఇక్కడే పుట్టింది. నలుసంత ఉన్నప్పుడు పక్కనున్న తోబుట్టువు దాని కుడి ముందుకాలు కొరికేసింది. ఈ జాతి పిల్లల్లో అది మామూలే, ఆకలేస్తే అన్నా లేదు చెల్లీ లేదు. ఆదినారాయణ దాన్ని చెంచాతో తీసి పెరుగు కప్పులోకి మార్చాడు. ఉప్పునీళ్లలో పొదిగించిన కంటికానని రొయ్యపిల్లలను మూడు గంటలకోసారి చుక్కలు చుక్కలుగా వేశాడు. నలభై రోజులు ఇంటికి పోతే పోయాడు, లేకపోతే లేదు. కాలు మళ్లీ మొలిచింది, వీటికి ముందు పాదానికి ఉండే నాలుగు వేళ్లతో, లెక్క తప్పకుండా. అమ్మడమే తెలిసినవాడికి అమ్మవడం అప్పుడు తెలిసింది. కొత్త పాదం మిగతా ఒంటికన్నా పిసరంత లేతరంగు. ఆ తేడా ఆయనకు తప్ప ఇంతవరకు ఎవరికీ కనబడలేదు.

దుప్పటి తొలగించి మంజుశ్రీ తల లోపలికి పెట్టింది. పట్టుచీర కట్టుకుని, క్లిప్పు పళ్ల మధ్య కరచుకుని ఉంది.

"మామా, నేను జమ్మలమడుగుకు పోతాండా, ఫ్రెండు గృహప్రవేశం. పదకొండుకు పులివెందులోళ్లు వస్తారు. పెద్దామె, మనవరాలు. ఒకటి కొనుక్కుంటారంట. దేనికీ మేత పెట్టొద్దు, ఏది పోతాదో ఏమో, కడుపులో మేతుంటే దావలో కక్కుకుంటాది."

"ఏదిమ్మంటావు?"

"ఏదడిగితే అది."

"ఏడు గూడానా?"

ఆయన గొంతులో ఏడు అంకెలా వినబడలేదు, ఏడుపులా వినబడింది. కానీ మంజుశ్రీ అప్పటికే క్లిప్పు పెట్టుకునే హడావుడిలో ఉంది.

"అన్నిటికీ రేట్ల పట్టీ గోడకుంది గదా మామా. ఫారంలో సంతకం మాత్రం మర్చిపోకుండా పెట్టించు." స్కూటరు చప్పుడు సందు మలుపు తిరిగింది.

ఆదినారాయణ పలక దగ్గరికి పోయి, ఏడో తొట్టి వేడి రాశాడు. పద్దెనిమిది. మళ్లీ పోయి చూశాడు. పద్దెనిమిదే.

ఎనిమిదిన్నరకు వెనక తలుపు మీద దెబ్బ పడింది. నబీ రసూల్, వానపాముల డబ్బాతో. వీరపునాయునిపల్లె దగ్గర ఎరువు గుంతల్లోంచి తెస్తాడు. మంజుశ్రీ తల్లి గౌరి పెట్టిన నియమం ప్రకారం పాములు, అవి వానపాములైనా సరే, ముందు వాకిట్లోంచి రాకూడదు. నబీ రసూల్‌కు ఆ నియమం మహా ఇష్టం. వెనక తలుపు నేరుగా ఏసీ కిందికి తెరుచుకుంటుంది. రోజూ డబ్బా ఇచ్చే నెపంతో బోర్లించిన బకెట్టు మీద పావుగంట కూచుంటాడు.

"సలామప్పా! కాశ్మీరు ఎట్లుంది?"

"నువ్వు తలుపు మూస్తే కాశ్మీరు. తెరిచిపెట్టుకుని నిలబడితే ఎర్రగుంట్ల."

"ఇన్నేండ్లు వానపాములు తెస్తాండా, ఒక్క వానన్నా తెప్పిచ్చినాయా చూడు. ఉత్త పాములే." నబీ రసూల్ బకెట్టు మీద సర్దుకుని చొక్కా కాలరు వెనక్కి లాక్కున్నాడు. ఏసీ గాలిని మెడలోకి పోసుకుంటూ ఒక కన్ను తెరిచాడు. "ఏందప్పా, మొగం అట్ల పెట్టినావు? నీ మొగంలో నవ్వు లేకపోతే నాకు ఎవురో వేరే ఆయన మాదిరి కనపడతాండావు."

ఆదినారాయణ చెప్పాడు. పులివెందుల, పదకొండు, ఏదడిగితే అది.

"అయితే అది అమ్మేది కాదని చెప్పు."

"చెప్పేకి నేనెవురు? దాన్ని కన్నోన్నా, కొన్నోన్నా? పని చేసేటోన్ని."

"మరి చూపీకుండా దాచిపెట్టు."

"దాస్తే అదే కావాలంటారు నబీ. ఆ సంగతి నాకు నువ్వు చెప్తావా?"

అని, ఆగిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు చీరలు ఎట్లా అమ్మాలో నేర్చుకున్న మనిషికి, ఎట్లా అమ్మకూడదో కూడా తెలుసునన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కోతిటోపీ కింద మొహం మెల్లగా వెలిగింది.

"ఆ, ఇప్పుడు నువ్వే," అన్నాడు నబీ రసూల్ తృప్తిగా. పావుగంట అయినా లేవలేదు.

నబీ రసూల్ పోయాక, పదింటికి ఈశ్వరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె అంతా విని, "పోనీ మనమే తెచ్చుకుందామా?" అంది.

"రేకుల ఇల్లమ్మే మనది. మధ్యాన్నానికి సాంబారవుతాది."

"ఫ్రిజ్జు ఉండాది గదయ్యా. పెరుగు తీసి నీ అక్కలాటిదాన్ని పెడతా. పెరుగు ఎండలో పులిసినా పర్వాలే, నీ మొగం పులవకుంటే చాలు."

"వద్దులే," అన్నాడు, నవ్వొచ్చి. ఈశ్వరమ్మ నిజంగానే పెడుతుంది. ఆ భయంతోనే ఫోన్ పెట్టేశాడు.

అంగట్లో ఒక పద్ధతి ఉండేది. ఏదైనా చీరను పాత ఖాతాదారు కోసమో, ఇంకెవరికోసమో ఆపుకోవాలంటే దాన్ని బీరువాలో దాచకూడదు. దాస్తే కొనేవాళ్ల కన్ను సూదిలా అక్కడికే పోతుంది. అందరికీ చూపించాలి. కానీ రెండు గాటు రంగుల నడుమ పరచాలి. తెల్లలైటు ఆపి, పాత పసుపు బల్బు వెయ్యాలి. పరిచాక అమ్మేవాడే ముందుగా చూపు పక్కకు తిప్పుకోవాలి. చీర దానంతటది వెలవెలబోతుంది. కొనేవాళ్లు అడగరు, అమ్మేవాడు అబద్ధమాడడు. ఇంత శుభ్రమైన మోసం ఇంకే వ్యాపారంలోనూ లేదు.

ఆదినారాయణ బల్ల తుడిచి, చూపించడానికి వాడే చిన్న గాజు పెట్టెలు మూడు పెట్టి చల్లటి నీళ్లు నింపాడు. ఎడమవైపు పసుపుకొమ్ము. కుడివైపు కాటుక. నడుమ వంగపూత. పైన పసుపు బల్బు. మెట్టు వెనక్కి వేసి చూశాడు. పసుపుకొమ్ము కళ్లు చెదిరేట్టుంది, కాటుక నిగనిగలాడుతోంది. నడుమ వంగపూత తడిసిన పాత న్యూసు పేపరులా ఉంది. ఆయనకు ఒకపక్క సంతోషం, ఇంకోపక్క చెయ్యరాని పని చేసినట్టు.

పదకొండు దాటి పది నిమిషాలకు దుమ్ము కొట్టుకున్న తెల్లకారు ఆగింది. ముందు ఎనిమిదేళ్ల పిల్ల దూకింది. వెనక ఒక పొడవాటి పెద్దావిడ, తెల్లటి తల, చెవులకు పాతకాలపు కమ్మలు, కాటన్ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని దిగింది.

ఆదినారాయణ మనుషులను మొహాలతో గుర్తుపెట్టుకోడు, కొన్న చీరలతో. ఎర్ర ధర్మవరం, ఆకుపచ్చంచు, తొంభై ఎనిమిది, కూతురి పెళ్లి. ఓబులమ్మ! పులివెందుల దగ్గర చీనీ తోటలున్న ఇల్లు.

ఆమెకు గుర్తుపట్టడానికి కోతిటోపీ అడ్డమొచ్చింది. టోపీ తీశాక పట్టింది.

"నువ్వు పట్టాభిరామయ్య అంగట్లో ఆదినారాయణ గదప్పా! ఎండాకాలంలో ఈ ఏసమేంది?"

"యూనిఫారమ్మా."

"అప్పుడు చీరలు చూపిచ్చాంటివి. ఇప్పుడు బల్లులు చూపిచ్చాండావా?"

"బల్లి కాదు జేజీ!" అంది పిల్ల, చెప్పీ చెప్పీ విసిగిన గొంతుతో. "ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

ఆ పిల్ల వర్షిత. ఆదినారాయణ మొదట పరీక్ష పెట్టాడు. ఇందులో ఫెయిలైతే ఆట అక్కడే ముగుస్తుంది.

"నీళ్లు ఎన్ని డిగ్రీలుండల్ల పాపా?"

"పదహారు నుంచి పద్దెనిమిది. ఇరవై అయినా తట్టుకుంటాది గానీ పెట్టకూడదు."

"కరెంటు పోతే?"

"ఇన్వర్టరు. అదీ పోతే ఫ్రీజర్లో బాటిళ్లు గడ్డ కట్టిచ్చి పెట్టినాం. ఐసు నేరుగా నీళ్లలో వెయ్యకూడదు."

"తొట్టి కడిగి, నీళ్లు పోసి, ఆపొద్దే వదుల్తారా?"

"మా తొట్టి నలభై రోజుల నుంచి ఉత్తగనే తిరుగుతాంది తాతా. నీళ్లు తయారు కావల్ల గదా."

"నలభై రోజులు," అంది ఓబులమ్మ. "ఉత్త నీళ్లకు ఏసీ. నేను చెమటలు కార్చుకుంటా వసారాలో పండుకుంటాండా. నన్ను గూడా ఆ తొట్టిలో వదలమ్మే అంటి."

"నీకు కుచ్చులు లేవు జేజీ."

ఆదినారాయణ నవ్వకుండా ఉండలేకపోయాడు. పిల్ల పాసైపోయింది. ఇక మిగిలింది బల్ల మీది పద్ధతే. పసుపు బల్బు కిందికి తీసుకుపోయి, "చూడండమ్మా," అని, చూపును గోడ వైపు తిప్పుకున్నాడు.

ఓబులమ్మ పసుపుకొమ్మును చూసి "అబ్బా" అంది. కాటుకను చూసి "ఇదీ బాగుంది" అంది. వేలు నడుమకు తిరిగింది.

"ఇదేం రంగప్పా? పొయ్యిలో బూడిద మాదిరుంది."

అంతే. ఇక "అవునమ్మా, బూడిదే" అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చి కూచుంది. ఆదినారాయణ అబద్ధాలాడని మనిషి కాదు. ఒకే చీరను నలుగురికి 'ఇదే చివరి పీసు' అని చెప్పాడు. ఉతికితే ఏమీ కాదన్నాడు. మీ ఒంటికి తప్ప ఇంకెవరికీ నప్పదని లావుగా ఉన్నవాళ్లకూ సన్నగా ఉన్నవాళ్లకూ అదే చీర కట్టబెట్టాడు. కానీ రంగు విషయంలో ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క తప్పుమాట ఆడలేదు. అది నిజాయితీ అని కూడా ఆయనకు తెలియదు. నోరు రాదు, అంతే.

"బూడిదా?" అన్నాడు. గొంతు కొంచెం పెద్దదైంది. "ఇది బూడిదామ్మా? రండి. వాకిట్లోకి రండి. బల్బు కింద ఏ రంగు తెలుస్తాది?"

నడిమి పెట్టెను రెండు చేతులా ఎత్తాడు. వర్షిత పరుగెత్తి దుప్పటి పక్కకు పట్టుకుంది. వాకిలి గడప లోపల, ఎండ పడకుండా వెలుగు మాత్రం పడే చోట, చీరను పగటి వెలుగులో చూపించడానికి ఎన్ని వేలసార్లు నిలబడ్డాడో అలాంటి చోటే, నిలబడి పెట్టెను ఛాతీ ఎత్తున పట్టుకున్నాడు. స్వెటరూ మఫ్లరూ వేసుకున్న మనిషి నలభై రెండు డిగ్రీల ఎదుట నీళ్లపెట్టె పట్టుకుని నిలబడితే, టీ అంగడి దగ్గర గ్లాసులు గాల్లో ఆగిపోయాయి.

ఊదా విచ్చుకుంది. ఒళ్లంతా లోపలినుంచి దీపం పెట్టినట్టు పలచగా, లేతగా. వీపు మీద చుక్కలు వెండి బుటాల్లా. కుచ్చులు మాత్రం ఒక్క ఛాయ ముదురు, అంచు వేసినట్టు. అది నాలుగు కాళ్లూ చాచి నీళ్లలో నిలబడి, నవ్వు మొహంతో ఓబులమ్మను చూసింది.

"వంగపూత," అన్నాడు ఆదినారాయణ.

"వంగపూతే," అంది ఓబులమ్మ, మెల్లగా.

మనసులో ముప్పై లెక్కపెట్టి లోపలికి తీసుకుపోయాడు. అంతకన్నా ఎక్కువసేపు వెలుగు దానికి మంచిది కాదు. నిజానికి ఆయనకూ మంచిది కాలేదు. ఏం చేశాడో దుప్పటి దాటి చలిలోకి వచ్చాక గానీ అర్థం కాలేదు. పెట్టె కింద పెట్టేలోగా పిల్ల దాని మీదికి వంగింది. చేతులు వెనక్కి కట్టుకుంది. వచ్చిన పిల్లలందరూ గాజు మీద వేలితో టకటకా కొడతారు. ఈ పిల్ల కొట్టలేదు.

"తాతా, దీని కుడికాలు చెయ్యి... పాదం... అదేదో లేతగుంది. మళ్లీ మొలిచినాదా?"

ఆదినారాయణ జవాబు చెప్పడానికి మఫ్లర్ సర్దుకోవలసి వచ్చింది. "ఊఁ. చిన్నప్పుడు."

"నొప్పి పుట్టింటాదా?"

"మొలిచేటప్పుడు నేనుంటిలే పాపా."

ఓబులమ్మ మనవరాలి భుజం తట్టింది. "పోయి మిగిలినవి గూడా చూసిరాపో. కొనేముందు అన్నీ చూడల్ల." పిల్ల మొదటి తొట్టి వైపు పోయాక, బోర్లించిన బకెట్టు మీద నిదానంగా కూచుంది. చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"మల్లా అదే పని చేస్తివి గదప్పా నువ్వు."

"ఏంపనమ్మా?"

"రెండిట్ల నడిమిట్ల పెట్టేది. మా కూతురి పెండ్లి చీరలకొచ్చినప్పుడు చెయ్యలా? రెండు మిరపపండు చీరల నడిమిట్ల ఇట్లాంటి రంగుదే ఒక చీర పరిచినావు. పరిచి గోడ తట్టు చూస్తాంటివి. నేను చూల్లేదనుకుంటివా?"

ఆదినారాయణకు చెవులు వేడెక్కాయి. ఆ గదిలో మొదటిసారి.

"చూసినారా?"

"చూసినా. మిగిలిన చీరలన్నీ టపటపా మడిచేసి, దాన్నొక్కదాన్ని పసిబిడ్డను పండుకోబెట్టినట్టు మడిస్తివి. ఇంట్లో ఆడమనిషికి ఆపుకున్నాడులే అనుకొని, ఎర్రది తీసుకొని పోతి. మంచిగ కట్టుకునిందా మీ ఆమె?"

"లేదమ్మా. నెలాఖరుకు తీసుకుందామనుకుంటి. నేను సద్ది తినేకి పోయినప్పుడు ఎవురో వచ్చి కొనుక్కుపోయిరి. ఈశ్వరమ్మకు ఆ సంగతే తెలీదు."

ఓబులమ్మ కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. చిల్లర్ గురగురమంది.

"సరే, ఇదన్నా ఆపుకో," అంది. "నేనేం అనుకోను. మా పాపకు నేను చెప్పుకుంటా. ఆ తెల్లదో, పసుపుదో తీసుకుంటాంలే. ఊఁ అను."

ఇంత తేలిగ్గా ఎవరూ ఆయనకు ఏదీ ఇవ్వలేదు. ఒక్క ఊఁ. వంగపూత ఏడో తొట్టిలో ఉంటుంది. రేపు ఉదయం గాజుకు కాళ్లు ఆనించి నిలబడుతుంది. ఆదినారాయణ మొదటి తొట్టి వైపు చూశాడు. వర్షిత అక్కడ లేదు. రెండోదాని దగ్గరా లేదు. అన్నీ చూసిరమ్మన్న పిల్ల ఖాళీగా ఉన్న ఏడో తొట్టి ముందు నిలబడి, వేడి కొలిచే కడ్డీని చదివి, గోడ మీది పలకతో సరిచూస్తోంది. రెండూ సరిపోయాక తల ఊపింది, మేస్త్రీలా.

"తీసుకుపోండమ్మా," అన్నాడు.

"బాగ ఆలోచించినావా?"

"ఆ చీర ఎవురింటికి పోయిందో తెలీక, బజార్లో ఏ ఊదా చీర కనపడినా ఇన్నేండ్లు తిరిగి తిరిగి చూసినా. ఈశ్వరమ్మ ఒకసారి తిట్టింది గూడా, ఆడోళ్ల తట్టు ఏం చూస్తావని." నవ్వాడు. "ఇది యాడుండేదన్నా తెలుస్తాది."

ఓబులమ్మ ఆయన వంక చూసి, "మా పాప పొద్దుకొక ఫొటో పంపిస్తాదిలే. వద్దన్నా పంపిస్తాది. అదొక రోగం దానికి," అంది.

వర్షితకు చెప్పారు. పిల్ల ఎగరలేదు, అరవలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని ఒక్క చోటే గిరగిరా తిరిగింది.

చివరిసారిగా ఒళ్లంతా చూద్దామని ఆదినారాయణ వంగపూతను ఏడో తొట్టిలోకి వదిలాడు. పదినిమిషాలు అక్కడ నిమ్మళించాక పిల్లను పిలిచాడు.

"నువ్వే పట్టుకోవల్ల పాపా. చేత్తో కాదు, గిన్నెతో. వెంటపడకూడదు. గిన్నె పెట్టుకొని ఊరికే ఉండు, అదే వస్తాది. ఆ గాజులు తీసెయ్. గాజుకు గాజు తగిలితే బెదురుతాది."

వర్షిత గాజులు ఒక్కొక్కటే తీసి, పక్కకు జరిపిన తొట్టి మూత మీద పెట్టి, మోచేతి దాకా చల్లటి నీళ్లలోకి దించింది. ఒళ్లు జలదరించినా చెయ్యి కదపలేదు. ఆక్సలాటిల్ కాసేపు ఆ చేతిని చూసింది. తరవాత కొత్త పాదం ముందు వేసి, గిన్నె అంచు మీదికి ఎక్కి, తీరిగ్గా లోపలికి నడిచింది. ఆదినారాయణ వైపు తిరగలేదు. వీటికి మెడ తిప్పడం రాదు.

మూతపెట్టెలోకి మార్చి, దాన్ని థర్మాకోల్ పెట్టెలో దించి, గడ్డ కట్టిన బాటిళ్లను పేపర్లో చుట్టి చుట్టూ సర్దాడు. ఫారంలో సంతకాలు పెట్టించాడు. కారు ఏసీ ముందే వేసి చల్లబరచాలన్నాడు. ముద్దనూరు దగ్గర గతుకులున్నాయన్నాడు. ఈ రాత్రికి దీపం వద్దు, మేత వద్దు; రేపు సాయంత్రం ఒక్క వానపాము, అదీ సగానికి తుంచి; తినకపోతే గాబరా పడొద్దు, కొత్త చోటు కదా; మూడు రోజులైనా తినకపోతే మాత్రం ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యాలి.

"మా కూతుర్ని అత్తగారింటికి పంపేటప్పుడు గూడా మేం ఇన్ని జాగర్తలు చెప్పలేదప్పా," అంది ఓబులమ్మ కారెక్కుతూ. "ఆ అల్లునికి గూడా ఇట్ల చెప్పింటే బాగుపడుతుండెనేమో."

వర్షిత వెనకసీట్లో పెట్టెను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ మూత మీద వేసుకుని కూచుంది. టాటా చెప్పడానికి చెయ్యి ఖాళీ లేక తల ఊపింది. కారు సందు మలుపు దగ్గర నెమ్మదించి, గతుకు మీద మరీ నెమ్మదించి, పులివెందుల దారి పట్టింది. అంత మెల్లగా పోయిన కారును టీ అంగడివాళ్లు ఆ సందులో ఎప్పుడూ చూడలేదు.

లోపలికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. గృహప్రవేశం సన్నాయి వెనక మంజుశ్రీ గొంతు.

"వచ్చిరా మామా? ఏది పాయ?"

"ఏడు."

సన్నాయి ఒక కీర్తన చరణం మొత్తం వాయించింది.

"మామా, నువ్వు బాగుండావా?"

"నాకేంమ్మా. ఇంగ మిగిలిన పదకొండిటికి మేత పెట్టల్ల. నువ్వు కడుపునిండా భోంచేసి రా."

మేత పెట్టాడు. మీగడ ఒకటిన్నర తింది. పసుపుకొమ్ము రెండు తిని మూడోదానికి నోరు తెరిచింది. కాటుకలు రెండూ చీకట్లో చీకటిని మింగినట్టు ఎప్పుడు తిన్నాయో తెలియకుండా తిన్నాయి. రాగిచెంబుకు ముందు కాస్త బతిమాలాల్సి వచ్చింది. ఒక్కోదాని ముందూ ఒక్కో మాట చెబుతూ వరసలో నడిచి, ఆరు తరవాత ఆగకుండా ఎనిమిదికి పోయాడు. పన్నెండు దాకా పోయి, చేతులు కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని, అప్పుడు ఏడు దగ్గరికి వచ్చాడు.

లోపల నీళ్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి. మూత మీద, వర్షిత విప్పిపెట్టి మరిచిపోయిన ఆరు మట్టిగాజులు, తడి చుక్కలతో, ఒకదాని మీద ఒకటి ఒరిగి, కింద మోటారు తిరుగుతున్నంతసేపూ సన్నగా గలగలమంటూ ఉన్నాయి.